నోటిలో గులకరాళ్లు

పద్యం చదివేటప్పుడు రాని నత్తి తాత్పర్యం చెప్పేటప్పుడు ఎందుకు వస్తుంది? ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితునిగా పనిచేసిన నేను ఈ ప్రశ్నకు సమాధానం పదవీ విరమణ చేసిన తరువాతగాని వెదకలేదు. వెదకవలసిన రోజున వెదకకపోవడం వలన ఒక పిల్లవానికి అన్యాయం చేశాను. ఆ అన్యాయం ఏమిటో ముందుగా విన్నవించి, అటువంటి పొరపాట్లే చేసిన పెద్దల చరిత్ర, ఆ పొరపాట్లు దిద్దుకొన్న చరిత్ర నేను చదివి గ్రహించినంత మేరకు చెపుతాను.

1991లో కృష్ణా డెల్టాలోని ఒక ఊరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. మూడవ బల్ల చివర ఒక అబ్బాయి కూర్చునేవాడు. వాని పేరు వ్రాయను. అది పకారంతో మొదలవుతుందని మాత్రం చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఆ పకారమే వానికి శత్రువు. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనబోయి పెదవులు బిగించేవాడు. మెడ నరాలు ఉబ్బేవి, కళ్లు మూతపడేవి, మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. ఈలోగా పక్కవాడు ‘వచ్చాడండీ’ అని అందుకొనేవాడు. తరగతి నవ్వేది. నేను నవ్వలేదు. నవ్వినవారిని ఆపిన గుర్తు కూడా లేదు.

ఒకనాడు గజేంద్రమోక్షం పాఠం జరుగుతోంది. ఆ అబ్బాయి చేత పద్యం చదివించాను. రాగయుక్తంగా, ఎక్కడా తడబడకుండా, యతిస్థానం దగ్గర చక్కగా ఊపిరి తీసుకొని చదివాడు. నాకు ఎంతో సంతోషం కలిగింది. ‘తాత్పర్యం చెప్పు’ అన్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. నిలబడి, పెదవులు బిగించి, చెమటలు కక్కుతున్నాడు. అప్పుడు నేనన్న మాట ఇది: “పద్యానికి లేని నత్తి తాత్పర్యానికి ఎక్కడి నుంచి వచ్చిందిరా? చదవకుండా వచ్చి వేషాలు వేస్తున్నావా?” అని బల్ల ఎక్కించాను.

సాయంత్రానికి నా మనసు కలతపడింది. మరునాడు వానిని పిలిచి, డెమొస్తనీసు కథ చెప్పాను. నత్తి ఉన్న గ్రీకు బాలుడు నోటిలో గులకరాళ్లు పెట్టుకొని సముద్రపు హోరుకు ఎదురుగా నిలబడి మాట్లాడి మహావక్త అయ్యాడనీ, పట్టుదల ఉంటే సాధించలేనిది లేదనీ బోధించాను. వాడు తల ఊపి వెళ్లాడు. మొదటి రోజు నిందించాను, రెండవ రోజు ఉపదేశించాను. రెండూ తప్పులే అని తెలియడానికి నాకు పాతికేళ్లకు పైగా పట్టింది.

నత్తి అనగా ఏమి

ముందు మాటకు అర్థం నిర్ణయించుకుందాము. ‘ర’ పలకలేక ‘ల’ అనడం, ‘స’ బదులు ‘త’ అనడం ఉచ్చారణ దోషాలే కాని నత్తి కాదు. నత్తి మూడు రూపాలలో ఉంటుంది. ‘కా కా కాఫీ’ అన్నట్లు ధ్వనిని మళ్లీ మళ్లీ పలకడం ఒకటి. ‘మ్మ్మ్మాస్టారు’ అన్నట్లు ధ్వనిని సాగదీయడం రెండవది. నోరు మాటకు సిద్ధమై ఉండి కూడా ధ్వని అసలు వెలువడకుండా బిగుసుకుపోవడం మూడవది. మా విద్యార్థిది ఎక్కువగా ఈ మూడవ రకం. ముఖ్యమైన విషయం ఏమంటే, నత్తి ఉన్నవానికి తాను చెప్పదలచుకొన్న మాట ఏదో స్పష్టంగా తెలుసు. తెలివికి, జ్ఞాపకశక్తికి, చదువుకు దీనితో సంబంధం లేదు.

సాధారణంగా రెండేళ్లకు, అయిదేళ్లకు మధ్య వయసులో, పిల్లలు మాటలు కూర్చి వాక్యాలు చేయడం నేర్చే కాలంలో నత్తి మొదలవుతుంది. నూటికి సుమారు అయిదుగురు పిల్లలలో ఏదో ఒక దశలో కనిపిస్తుంది. వారిలో నలుగురికి ముగ్గురు, అంతకంటె కొంచెం ఎక్కువ మంది కూడా, పెరిగే కొద్దీ బయటపడతారు. పెద్దలలో నూటికి ఒకరికి మిగులుతుంది. అలా మిగిలినవారిలో స్త్రీలకంటె పురుషులు సుమారు నాలుగింతలు.

మన ప్రాచీనులు చెప్పినది

పండితుణ్ణి గనుక మన గ్రంథాల నుంచే మొదలుపెడతాను. పాణినీయ శిక్షలో మాట పుట్టుక గురించి ఒక వర్ణన ఉంది. ఆత్మ బుద్ధితో కలిసి చెప్పదలచిన అర్థాన్ని నిర్ణయిస్తుంది, చెప్పాలనే కోరికతో మనసును నియోగిస్తుంది. మనసు శరీరంలోని అగ్నిని తాకుతుంది. అగ్ని వాయువును ప్రేరేపిస్తుంది. ఆ వాయువు పైకి సాగి, నోటిని చేరి వర్ణాలుగా మారుతుంది. వర్ణాలు పుట్టే స్థానాలు ఎనిమిదని కూడా ఆ గ్రంథం చెపుతుంది: ఉరస్సు, కంఠం, శిరస్సు, నాలుక మొదలు, దంతాలు, నాసిక, పెదవులు, తాలువు. ఈ వర్ణనను విద్యార్థిగా ఉన్నప్పుడు కంఠస్థం చేశాను. మాట అనేది ఒక అవయవం పని కాదనీ, ఒకదానినొకటి కదిలించే గొలుసు అనీ, అందులో శరీరమూ మనసూ రెండూ ఉన్నాయనీ దాని భావం. ఆ భావాన్ని నా తరగతిలోని పిల్లవానికి అన్వయించుకోవాలని మాత్రం తోచలేదు.

సుశ్రుత సంహిత నిదానస్థానంలో వాతవ్యాధులను చెప్పే అధ్యాయంలో, కఫంతో కూడిన వాయువు శబ్దాన్ని మోసే నాళాలను కప్పివేసినప్పుడు మనిషి మూగవాడుగా గాని, ముక్కుతో మాట్లాడేవాడుగా గాని, గద్గదుడుగా గాని అవుతాడని ఉంది. నేడు మనం గద్గద స్వరం అంటే దుఃఖంతో పూడుకుపోయిన గొంతు అనుకుంటాము. వైద్యగ్రంథాలలో ఆ మాటకు తడబడే పలుకు, నత్తి అని అర్థం. సిద్ధాంతం నేటి శాస్త్రానికి నిలవకపోవచ్చు. కాని నత్తిని పాపఫలమనో పొగరనో అనక రోగాల పట్టికలో చేర్చడం గమనించదగిన సంగతి.

మన ఇళ్లలో వాడిన మందు వస. తేనెలో వసకొమ్ము అరగదీసి పసిబిడ్డల నాలుకకు రాసేవారు. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం అందరికీ తెలిసినదే. అందులో ప్రేమ ఉంది గాని దోషం నాలుకలో ఉందనే నమ్మకం కూడా ఉంది. పసిపిల్లలకు వస పట్టవద్దని నేటి శిశువైద్యులు చెపుతున్నారు.

గులకరాళ్ల కథ

ఇక నేను బోధించిన కథ సంగతి. డెమొస్తనీసు క్రీ.పూ. 384 నుంచి 322 వరకు జీవించిన ఏథెన్సు వక్త. ఆయన చరిత్రను ప్లూటార్కు వ్రాసినది సుమారు నాలుగువందల ఏళ్ల తరువాత. నోటిలో గులకరాళ్లు ఉంచుకొని ప్రసంగపాఠాలు చెప్పడం, కొండ ఎక్కుతూ ఒకే ఊపిరిలో వాక్యాలు చదవడం, నేలమాళిగలో అభ్యాసం చేస్తూ బయటికి పోకుండా తల సగం గొరిగించుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఫలేరం వాసి డెమెట్రియస్, వృద్ధుడైన డెమొస్తనీసు నోటనే ఇవి విన్నానని చెప్పాడట.

అయితే ఆయనకు ఉన్న లోపం ఏమిటి? ప్లూటార్కు చెప్పినది బలహీనమైన గొంతు, స్పష్టత లేని పలుకు, వాక్యం మధ్యలో తెగిపోయే పొట్టి ఊపిరి. రోమను వక్త సిసిరో చెప్పినది ఇంకొకటి: ఆయన అభ్యసిస్తున్న వక్తృత్వశాస్త్రానికి గ్రీకులో ఉన్న పేరు రకారంతో మొదలవుతుంది, ఆ తొలి అక్షరమే మొదట ఆయనకు పలికేది కాదట. రకారం పలకకపోవడం, గొంతు బలహీనత, ఊపిరి చాలకపోవడం, ఇవేవీ నేను పైన చెప్పిన నత్తి లక్షణాలు కావు. డెమొస్తనీసుది నత్తి అనడానికి గట్టి ఆధారం లేదు. లోకమంతా నత్తికి నిదర్శనంగా చెప్పే కథ నత్తి కథే కాకపోవచ్చు. నేను ఆ కథను పాఠ్యపుస్తకంలో చదివి, మరొక పుస్తకం తెరవకుండా పిల్లవానికి అప్పగించాను.

నాలుక మీద నేరం

ఐరోపాలో చాలా శతాబ్దాలు దోషం నాలుకదే అనుకున్నారు. నాలుక తడి ఎక్కువైందనీ, చల్లబడిందనీ వాదాలు. ఆంగ్ల తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ గ్రంథం ఒకటి ఆయన మరణానంతరం 1627లో అచ్చయింది. నాలుక చలువ వలన నత్తి వస్తుందనీ, మితంగా ద్రాక్షసారా త్రాగితే వేడెక్కి తగ్గుతుందనీ అందులో వ్రాశాడు. 1817లో ఫ్రెంచి వైద్యుడు ఇతార్, అడవిలో దొరికిన విక్టర్ అనే బాలునికి చదువు చెప్పి ప్రసిద్ధుడైనవాడు, నాలుక క్రింద ఆనించి ఉంచుకొనే చిన్న చీలిక కొయ్యను బంగారంతోను, దంతంతోను చేయించాడు. గులకరాళ్లకు అది నాగరిక రూపం.

అందరికంటె ఘోరమైనది 1841లో జరిగింది. బెర్లినులో యోహాన్ ఫ్రీడ్రిఖ్ డీఫెన్‌బాఖ్ పేరుపొందిన శస్త్రవైద్యుడు. మెల్లకన్నును కండరం కోసి సరిచేయడంలో ప్రసిద్ధుడు. కంటి కండరం బిగుసుకుంటే కోసినట్లే నాలుక కండరం బిగుసుకుంటే కోయవచ్చునని తలచాడు. ఆ ఏడు జనవరిలో ఒక పదమూడేళ్ల బాలుని నాలుక మొదట్లో అడ్డంగా కోసి మేకు ఆకారంలో ఒక ముక్క తొలగించాడు. మత్తుమందు ఈథరు బహిరంగ ప్రదర్శన బోస్టనులో జరిగినది 1846లో. అంటే ఆ పిల్లవానికి తెలివి ఉండగానే ఈ పని చేశారు.

వార్త వ్యాపించగానే ఫ్రాన్సులోను, ఇంగ్లండులోను వైద్యులు పోటీపడ్డారు. లండనులో యార్‌స్లీ అనే వైద్యుడు గవదలను, కొండనాలుకను కోశాడు. కోసిన వెంటనే కొందరికి మాట సాఫీగా వచ్చినట్లు కనిపించింది. కొద్దికాలానికి నత్తి తిరిగి వచ్చింది. ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. ఏడాది తిరగకముందే ఈ చికిత్స పేరు చెప్పడానికి వైద్యులు సిగ్గుపడే స్థితి వచ్చింది. గద్దించి బల్ల ఎక్కించిన నేను ఆ వైద్యుణ్ణి తప్పు పట్టడానికి వెనుకాడుతున్నాను. ఆయన వలెనే నేను కూడా, మొండితనమని నేననుకొన్నదానిని గట్టిగా తీసివేయబోయాను.

మనసు మీద నేరం

నాలుకను నిర్దోషిగా విడిచినవారు మనసును పట్టుకున్నారు. వీరిలో మొదటివారిలో ఒకడు ఎరాస్మస్ డార్విన్, పరిణామవాది చార్లెస్ డార్వినుకు తాత, స్వయంగా నత్తి ఉన్న వైద్యుడు. 1794లో వెలువడిన గ్రంథంలో, ఎదుటివారు ఏమనుకుంటారో అనే కలవరం వలన మాటకు సంబంధించిన కదలికల వరుస తెగిపోతుందని వివరించాడు. స్వానుభవం గనుక అందులో కొంత నిజం ఉంది. తరువాతివారు ఆ కొంత నిజాన్ని పూర్తి నిజం చేశారు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ విద్యకు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం కేంద్రమైంది. అక్కడి వెండెల్ జాన్సన్ (1906-1965) స్వయంగా నత్తితో బాధపడినవాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం చిన్నపిల్లలందరూ తడబడతారు. ఆ తడబాటును తల్లిదండ్రులు నత్తి అని పేరు పెట్టి దిద్దబోవడం వలన పిల్లవాడు భయపడి నిజంగా నత్తివాడవుతాడు. జబ్బు పిల్లవాని నోట కాక తల్లి చెవిలో పుడుతుందని ఆయన వాదం.

దీనిని పరీక్షించడానికి 1939లో ఆయన పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని డావెన్‌పోర్టు పట్టణంలోని అనాథాశ్రమంలో ఇరవై ఇద్దరు పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. వారిలో నత్తి లేని ఆరుగురు పిల్లలను ఎంచి, మీకు నత్తి మొదలవుతున్నది, సరిగా పలకలేనప్పుడు మాట్లాడకండి, మాటకు ముందు ఆగండి, అని నెలల తరబడి చెప్పారు. ఆ పిల్లలు నిజంగా నత్తివారు కాలేదని తరువాత లెక్కలు తిరిగి పరిశీలించినవారు తేల్చారు. కాని వారు నోరు విప్పడం తగ్గించారు. ముడుచుకుపోయారు. ఆ సిద్ధాంత వ్యాసం అచ్చు కాకుండా గ్రంథాలయంలో ఉండిపోయింది. 2001లో ఒక పత్రిక దానిని బయటపెట్టగా విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితులకు, వారి వారసులకు మొత్తం 9,25,000 డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

ఈ ప్రయోగం తెలియకనే ఉపాధ్యాయులం మనం దీనిని రోజూ చేస్తూ ఉంటాము. పిల్లవానికి నోరు విప్పడమే ప్రమాదమని నేర్పుతాము. మరొక వైపు జాన్సన్ సిద్ధాంతం వలన ఎందరో తల్లులు తమ వల్లనే బిడ్డకు నత్తి వచ్చిందని జీవితమంతా కుమిలిపోయారు. ఆ నింద కూడా అన్యాయమే.

ఒక రాజు, ఒక గురువు

ఇదే కాలంలో ఇంగ్లండులో ఒక వేరు దారి కనిపించింది. ఆరవ జార్జి రాజు (1895-1952), మన దేశానికి చివరి చక్రవర్తి, చిన్ననాటి నుంచి నత్తితో బాధపడినవాడు. 1925 అక్టోబరులో వెంబ్లీ ప్రదర్శన ముగింపు ఉపన్యాసంలో, అప్పుడు యార్కు డ్యూకుగా ఉన్న ఆయన, జనం ఎదుట పడిన బాధ అందరూ చూశారు. 1926 అక్టోబరు 19న ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లయొనెల్ లోగ్ అనే వాచికాభినయ శిక్షకుని వద్దకు వెళ్లాడు. లోగ్‌కు వైద్యపట్టా లేదు. ఊపిరి తీసే పద్ధతి, ఉచ్చారణ సాధన ఇచ్చాడు. దానితోపాటు శిష్యునితో సమానునిగా మెలిగాడు. ఇది నయమవుతుందనే ధైర్యం ఇచ్చాడు.

1939 సెప్టెంబరు 3న యుద్ధ ప్రకటన నాటి రేడియో ప్రసంగం ధ్వనిముద్రణ నేటికీ లభిస్తుంది. వినండి. నత్తి పోలేదు. మాటల మధ్య పొడవైన విరామాలు ఉన్నాయి. కాని రాజు ఆగిన చోట భయపడి పారిపోలేదు. ఈ స్నేహాన్ని 2010లో చలనచిత్రంగా తీశారు. దాని రచయిత డేవిడ్ సీడ్లర్ కూడా బాల్యంలో నత్తితో బాధపడినవాడే. లోగ్ చేసిన పనిలో శరీరమూ ఉంది, మనసూ ఉంది. సిద్ధాంతం లేకుండానే ఆయన రెంటినీ పట్టుకున్నాడు.

మెదడు చెప్పిన సాక్ష్యం

మెదడు పనిచేస్తుండగా చిత్రాలు తీసే యంత్రాలు వచ్చిన తరువాత వాదం కొత్త మలుపు తిరిగింది. 1996లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో నత్తి ఉన్నవారు ఒంటరిగా చదివినప్పుడు, మరొకరితో గొంతు కలిపి చదివినప్పుడు మెదడును పరిశీలించారు. ఒంటరిగా చదివేటప్పుడు కదలికలను నడిపే భాగాలు, ముఖ్యంగా కుడి వైపున, అతిగా పనిచేశాయి. గొంతు కలిపి చదివినప్పుడు నత్తి పోయింది, ఆ అతిశయం కూడా చాలావరకు సద్దుమణిగింది.

2002లో జర్మనీ పరిశోధకులు, నత్తి ఉన్నవారి మెదడు ఎడమ భాగంలో మాటకు సంబంధించిన ప్రాంతాలను కలిపే నాడీతంతువుల అల్లికలో తేడా ఉన్నట్లు చూపారు. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, పాకిస్తానులో మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాలను అధ్యయనం చేసి, నత్తితో సంబంధం ఉన్న మూడు జన్యువులను గుర్తించారు. కణాలలో చెత్తను శుభ్రపరిచే వ్యవస్థకు చెందిన జన్యువులవి. అన్ని నత్తులకూ అవే కారణం కాదు. కాని నత్తి వంశంలో వస్తుందన్న మన పెద్దల మాటకు ఆధారం దొరికింది. పిల్లవాని పొగరు కాదు, తల్లి చెవి కాదు, నాలుక చలువ కాదు. మాటను తగిన క్షణంలో మొదలుపెట్టి తరువాతి ధ్వనికి అందించే నాడీ యంత్రాంగంలో పుట్టుకతోనే ఒక సున్నితత్వం ఉన్నది.

ఇప్పుడు పద్యం సంగతి. పాట పాడేటప్పుడు, లయతో చదివేటప్పుడు, పదిమందితో గొంతు కలిపినప్పుడు నత్తి తగ్గిపోవడం చాలాకాలంగా వైద్యులకు తెలుసు. ఎప్పుడు ఏ అక్షరం రావాలో లయ ముందే నిర్ణయించి ఇస్తుంది. లోపలి తాళం తప్పేవానికి బయటి తాళం ఊతమవుతుందని శాస్త్రజ్ఞుల వివరణ. పద్యంలో గణాలు ఉన్నాయి, యతి ఉంది, రాగం ఉంది, మాటలు సిద్ధంగా ఉన్నాయి. తాత్పర్యంలో ఇవేవీ లేవు. మాటను తానే వెదకాలి, తానే మొదలుపెట్టాలి, అందరూ తనను చూస్తుండగా. ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాణ్ణి, నాకు ఈ తేడా అందరికంటె ముందు తట్టవలసింది. వాడు పద్యం చదవగలగడం వేషానికి సాక్ష్యం కాదు, నిజమైన నత్తికి సాక్ష్యం.

మనసు ఎక్కడ చేరుతుంది

అయితే మనసుకు పాత్ర లేదా? ఉన్నది. 2021లో న్యూయార్కు విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, నత్తి ఉన్న పెద్దలు తమ మాట ఎవరూ వినడం లేదని నిజంగా నమ్మినప్పుడు, తమలో తాము మాట్లాడుకొన్న మాటలలో నత్తి దాదాపు కనిపించలేదు. వినేవాడు ఉన్నప్పుడే నత్తి ఉన్నది.

దీని అర్థం నత్తి భ్రమ అని కాదు. బలహీనమైన ఎద్దు ఖాళీ బండిని లాగుతుంది, బరువు వేస్తే గట్టు దగ్గర ఆగిపోతుంది. బరువు వేసేది వినేవాడు. ఒకసారి ఆగిన చోట మరునాడు మళ్లీ ఆగుతానేమోనని భయం. ఆ భయం వలన గొంతు ముందే బిగుసుకుంటుంది. క్రమంగా మాటలను తప్పించుకోవడం అలవాటవుతుంది. కావలసినది ఒకటైతే పలకగలిగినది మరొకటి అడిగి తెచ్చుకుంటారు. పేరు మాత్రం మార్చుకోలేరు గనుక సొంత పేరు చెప్పడమే చాలామందికి అన్నిటికంటె కష్టం. నత్తి మంచుకొండ వంటిదనీ, వినబడే భాగం చిన్నదనీ, నీటి క్రింద సిగ్గు, భయం, దాపరికం పెద్దవనీ అమెరికా మనస్తత్వవేత్త జోసెఫ్ షీహన్ చెప్పాడు. ఆయనా నత్తి ఉన్నవాడే. చార్లెస్ వాన్ రైపర్ (1905-1994) కూడా అటువంటివాడే. నత్తిని దాచడానికి పెనుగులాడవద్దు, బిగింపు సడలించి తేలికగా నత్తిగానే మాట్లాడు, అనే పద్ధతిని ఆయన బోధించాడు.

నేటి చికిత్సలు ఈ రెండు వైపులనూ చూస్తాయి. బడి వయసు రాని పిల్లలకు ఆస్ట్రేలియాలో రూపొందిన లిడ్‌కోంబ్ పద్ధతి ఉపకరిస్తుందని 2005లో ప్రచురితమైన పరీక్షలో తేలింది. తల్లిదండ్రులే శిక్షణ పొంది ఇంటిలో నడిపే పద్ధతి అది. మన దేశంలో 1965లో మైసూరులో నెలకొన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యలో నిపుణులను తయారు చేస్తున్నది. నత్తి ఉన్నవారే ఒకరికొకరు తోడుగా నిలిచే ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ 2008లో ఏర్పడింది.

రెండు మాటలు

ఇదంతా నేను చదవడానికి కారణం మా మనుమడు. మూడేళ్ల వయసులో వానికి మాట తడబడడం మొదలయింది. మా ఆవిడ వసకొమ్ము వెదికింది. మా అమ్మాయి రాత్రిళ్లు ఏడ్చింది, “నా వల్లనేనా నాన్నా?” అని అడిగింది. స్పీచి థెరపిస్టు దగ్గరకు తీసుకువెళ్లాము. ఆమె ముందు మాకే పాఠం చెప్పింది: వాని మాట మీరు పూర్తి చేయవద్దు, నెమ్మదిగా చెప్పు అనవద్దు, మీరే నెమ్మదిగా మాట్లాడండి, వాడు ఏ విధంగా చెపుతున్నాడో కాక ఏమి చెపుతున్నాడో వినండి. ‘నెమ్మదిగా చెప్పు’ అని నా జీవితంలో ఎందరు పిల్లలతో అన్నానో లెక్కలేదు. మనుమనికి ఏడాదిన్నరలో చాలావరకు తగ్గింది. ఎక్కువమంది పిల్లలకు తగ్గేదే గనుక మా గొప్ప ఏమీ లేదు.

2019లో ఒక పెండ్లిలో నా పాత విద్యార్థి కనిపించాడు. ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. దగ్గరకు వచ్చి తన పేరు చెప్పుకున్నాడు. పకారం దగ్గర ఆగాడు, పూర్వం వలెనే. కాని కళ్లు మూసుకోలేదు, నన్నే చూస్తూ ఆగి, చెప్పాడు. నేను ఆనాటి సంగతి ఎత్తి, “తప్పు చేశాను నాయనా” అన్నాను.

నవ్వాడు. “మీరు చెప్పిన కథ విని నెల రోజులు కాలువ గట్టుకు వెళ్లానండి. అయిదు రాళ్లు పెట్టుకొనేవాణ్ణి. ఒకటి మింగేశాను. అమ్మకు చెప్పలేదు.” కొంచెం ఆగి, “మీకు తెలియదు కదండీ” అన్నాడు. తెలుసుకోవలసిన పని నాదే కదా అని నాకు అనిపించింది, పైకి అనలేకపోయాను.

“బల్ల ఎక్కించినది మరచిపోయానండి,” అన్నాడు తరువాత. “మరచిపోనిది ఒకటుంది. హాజరు పిలిచేటప్పుడు మీరు అందరి పేర్లూ పట్టీ చూస్తూనే పిలిచేవారు. నా పేరు దగ్గర మాత్రం తలెత్తి చూసేవారు. ఎప్పుడు తలెత్తుతారా అని మొదటి పేరు నుంచీ గుండె కొట్టుకొనేది. తలెత్తకపోతే చెప్పేవాణ్ణేమో మాస్టారూ.”

నేను తలెత్తినది జాలితోనో కుతూహలంతోనో నాకు గుర్తు లేదు. వాని మీద అది బరువుగా పడింది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మీ తరగతిలో, నూటికి ఒక్కడైనా, ఇటువంటి పిల్లవాడు ఉంటాడు. వానికి గులకరాళ్ల కథ చెప్పకండి. హాజరుకు చేయి ఎత్తితే చాలునని తరగతి అందరికీ ఒకే నియమం పెట్టండి, వానికి ప్రత్యేకంగా కాదు. పద్యం బాగా చదివితే మెచ్చుకోండి, తాత్పర్యం దగ్గర ఆగితే వేచి ఉండండి. పక్కవాణ్ణి అందుకోనివ్వకండి. పది క్షణాలు ఆగినందువలన పాఠం ఏమీ వెనుకబడదు.